పట్టూ విడుపూ తెలిసిన అణువు

ప్రేగ్ నగరంలో పనిచేసిన ఫెలిక్స్ హౌరోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త 1938లో ఒక చిత్రమైన సంగతి ప్రకటించాడు. హిమోగ్లోబిన్ స్ఫటికాలున్న సీసాను ఆయన కొన్ని వారాల పాటు ఫ్రిజ్‌లో ఉంచాడు. పెట్టినప్పుడు అవి ఎర్రటి సూదులు. తీసి చూసేసరికి సూదులు మాయమై, వాటి స్థానంలో ఊదారంగు బిళ్లలు, ఒక్కొక్కటీ ఆరు భుజాలతో, తేలుతున్నాయి. సీసాలో పెరిగిన బాక్టీరియా అందులోని ఆక్సిజన్‌ను వాడేసుకుంది. ఆ బిళ్లల్ని గాజు పలక మీద వేసి, పైన పల్చటి అద్దం మూసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. అద్దం అంచుల నుంచి గాలి లోపలికి పాకే కొద్దీ ఊదా బిళ్లలు కళ్లముందే కరిగిపోయాయి. అక్కడే ఎర్ర సూదులు మళ్లీ పుట్టుకొచ్చాయి.

రంగు మారడంలో కొత్త ఏమీ లేదు. రక్తంలోంచి ఆక్సిజన్‌ను లాగేస్తే ఊదారంగుకు తిరుగుతుందని, మళ్లీ గాలి తగిలితే ఎరుపెక్కుతుందని 1864లోనే జార్జ్ స్టోక్స్ చూపించాడు. హౌరోవిట్జ్ చూసింది అంతకు మించినది. ఒక రకం స్ఫటికం కరిగి మరో రకం స్ఫటికం అయిందంటే, అందులోని అణువు ఆకారమే మారిందన్నమాట. ఆక్సిజన్ అందుకున్న హిమోగ్లోబిన్ కట్టుబడి వేరు, అందుకోని హిమోగ్లోబిన్ కట్టుబడి వేరు.

రక్తం ఆక్సిజన్‌ను మోస్తుందని చిన్నప్పుడే చదువుకున్నాం. ఎలా మోస్తుందో చదివినప్పుడు మాత్రం ‘హిమోగ్లోబిన్ పట్టుకుంటుంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. పట్టుకోవడం అంత గొప్ప విద్యేమీ కాదు. ఇనుప మేకు కూడా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. పట్టుకున్నది మరి వదలదు, తుప్పుగా మారుతుంది. ఊపిరితిత్తుల్లో నిండా పట్టుకుని, అవసరమున్న చోట, అవసరమున్నంత వదిలిపెట్టడమే అసలు విద్య. హిమోగ్లోబిన్ నిర్మాణంలో ఎక్కడ వేలు పెట్టి చూసినా ఈ వదిలే ఏర్పాటే కనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. హిమోగ్లోబిన్ అనేదే లేకపోతే, లీటరు రక్తంలో కరిగే ఆక్సిజన్ సుమారు 3 మిల్లీలీటర్లు. హిమోగ్లోబిన్ ఉన్న రక్తంలో అది దాదాపు 200 మిల్లీలీటర్లు. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. కరిగిన ఆక్సిజన్ మీదే బతకాలంటే అదే గుండె నిమిషానికి 80 లీటర్లకు పైగా తోయాల్సి ఉంటుంది, అదీ ఆ 3 మిల్లీలీటర్లలో చుక్క మిగల్చకుండా కణాలు పిండుకుంటేనే.

అలా హిమోగ్లోబిన్ లేకుండానే బతికే వెన్నెముక జీవి ఒకటుంది. అంటార్కిటికా సముద్రాల్లోని ఐస్‌ఫిష్. దాని రక్తానికి రంగు లేదు. గడ్డకట్టేంత చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి, పెద్ద గుండె, ఎక్కువ రక్తం, నెమ్మదైన జీవనం పెట్టుకుని అది నెట్టుకొస్తోంది. మన వేడి రక్తానికి, మన పరుగులకు ఆ దారి కుదరదు. మన గోదావరి జిల్లాల చెరువుల్లోని రొయ్యలది ఇంకో పద్ధతి. వాటి రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉన్న హిమోసయనిన్ ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే నీలంగా మారుతుంది. అంటే సమస్య ఒకటే, ప్రకృతి కనిపెట్టిన ఉపాయాలు అనేకం. వాటిలో హిమోగ్లోబిన్‌ది ప్రత్యేకమైన నేర్పు.

ఆ నేర్పు ఒక్క ఇనుప పరమాణువు దగ్గర మొదలవుతుంది. హిమోగ్లోబిన్‌లో నాలుగు ప్రొటీన్ గొలుసులుంటాయి: 141 అమైనో ఆమ్లాల ఆల్ఫా గొలుసులు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులు రెండు. ప్రతి గొలుసు తనలో తాను మెలికలు తిరిగి ముడుచుకుని, మధ్యలో ఒక చిన్న గూడు వదులుతుంది. ఆ గూట్లో హీమ్ అనే చదునైన బిళ్ల, దాని నడుమ ఇనుము. మొత్తం తొమ్మిది వేలకు పైగా పరమాణువులున్న కట్టడంలో ఇనుప పరమాణువులు నాలుగే. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది ఆ నాలుగింటి మీదే. మిగిలిన వేల పరమాణువులన్నీ ఆ నాలుగింటి నడతను చక్కదిద్దడానికే ఉన్నాయి.

ఎందుకంత బలగం? ప్రొటీన్ లేకుండా హీమ్‌ను విడిగా నీటిలో వేస్తే, ఆక్సిజన్ తగలగానే అందులోని ఇనుము తుప్పు దారి పట్టి, ఇక ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరుతుంది. గూడు దాన్ని కాపాడుతుంది. గూటి గోడలు నీటిని రానివ్వని జిడ్డు స్వభావం గలవి. ఒక వైపు నుంచి హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఇనుమును పట్టి నిలుపుతుంది. ఎదుటి వైపు ఇంకో హిస్టిడిన్, వచ్చిన ఆక్సిజన్‌కు ఆసరా ఇస్తుంది. అలా ఇనుము ఆక్సిజన్‌ను తాకుతుంది కానీ దానికి లొంగిపోదు. ఇంత జాగ్రత్తలోనూ రోజూ కాస్త ఇనుము తప్పుదారి పడుతూనే ఉంటుంది. దాన్ని తిరిగి దారికి తెచ్చే ఎంజైము ఒకటి ఎర్ర కణంలోనే కాపలా ఉంది.

ఈ గూటికి ఒక శత్రువు ఉంది. బొగ్గు కుంపటి నుంచి, గాలి ఆడని స్నానాల గదిలోని గ్యాస్ గీజరు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్. విడి హీమ్‌కు ఆక్సిజన్ కన్నా దీని మీద మక్కువ వేల రెట్లు ఎక్కువ. గూటి గోడలు ఆ మక్కువను 200 రెట్ల చిల్లరకు దించగలిగాయి. మన శరీరంలోనే హీమ్ విరిగినప్పుడు కొద్దిగా పుట్టే మోనాక్సైడ్‌ను తట్టుకోవడానికి ఆ దించడం చాలు. మూసిన గదిలో కుంపటిని తట్టుకోవడానికి చాలదు.

ఇప్పుడు అసలు ఘట్టం. కేంబ్రిడ్జ్‌లో గిల్బర్ట్ అడెయిర్ 1920లలో తేల్చినట్టు ఒక హిమోగ్లోబిన్ అణువు నాలుగు ఆక్సిజన్ అణువుల్ని మోస్తుంది. నాలుగు గూళ్లూ ఎవరికి వారే పనిచేస్తే, నింపుకోవడం, ఖాళీ చేయడం మెల్లగా, ఒకే తీరున సాగాలి. అలా జరగదు. మొదటి ఆక్సిజన్ ఎక్కడం కష్టం. అది ఎక్కాక రెండోది సులువు, మూడోది ఇంకా సులువు, నాలుగోది అలవోకగా ఎక్కేస్తుంది. దిగడమూ అంతే, ఒకటి దిగితే మిగిలినవి దిగడానికి దారి తెరుచుకుంటుంది. దీన్ని గ్రాఫ్‌గా గీస్తే ఒకవైపు సాగదీసిన ఎస్ అక్షరం ఆకారంలో వంపు వస్తుంది.

ఆ వంపులో ఎంత ఆలోచన ఉన్నట్టు అనిపిస్తుందో అంకెలు చూస్తే తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం. అక్కడ హిమోగ్లోబిన్ 97, 98 శాతం నిండుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరంలోంచి తిరిగొచ్చే రక్తంలో ఒత్తిడి 40. అక్కడికి 75 శాతం మిగులుతుంది, అంటే పావు వంతు మాత్రమే దింపింది. మిగతాది నిల్వ. కష్టపడే కండరంలో ఒత్తిడి 20కి పడిపోతే, అదే హిమోగ్లోబిన్ మూడింట రెండు వంతుల దాకా దించేస్తుంది. కండరంలోనే ఉండే మయోగ్లోబిన్ హిమోగ్లోబిన్‌కు దగ్గర చుట్టం, కానీ దానికి గూడు ఒక్కటే. ఒత్తిడి 20 దగ్గర కూడా అది తన ఆక్సిజన్‌ను దాదాపు అంతా గుప్పిట్లోనే పెట్టుకుంటుంది. ఒంటరి గూడు ఎంత గట్టిదైనా అది దాచుకోవడానికే పనికొస్తుంది, రవాణాకు పనికిరాదు.

కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ చదివింది ఈ వంపునే. జపాన్‌లో తకువో అవోయగి 1970లలో రూపొందించిన ఆ పద్ధతి, ఎర్ర కాంతినీ కంటికి కనబడని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కూ లేనిదానికీ ఉన్న రంగు తేడాను కొలుస్తుంది. హౌరోవిట్జ్ సీసాలోని ఎరుపు, ఊదాల తేడాయే అది. అందులోని అంకె 90 శాతం దాటి కిందికి జారితే డాక్టర్లు అంత కంగారు పడటానికి కారణం కూడా ఆ వంపే. 90 పైన అది చదును, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి చాలా తగ్గినా అంకె పెద్దగా కదలదు. 90 దగ్గర ఒత్తిడి అప్పటికే 60కి వచ్చేసి ఉంటుంది. అక్కడి నుంచి దిగుడు నిటారు.

నాలుగు గూళ్లు ఒకదాని సంగతి ఒకటి ఎలా తెలుసుకుంటున్నాయి? ఈ ప్రశ్నకు తన జీవితంలో సింహభాగం ధారపోసినవాడు మాక్స్ పెరుట్జ్. వియన్నాలో 1914లో పుట్టి, 1936లో కేంబ్రిడ్జ్ చేరాడు. 1937లో ప్రేగ్ వెళ్లి, తమ బంధువర్గంలోకి అల్లుడిగా వచ్చిన హౌరోవిట్జ్‌ను కలిసినప్పుడు, హిమోగ్లోబిన్ మీద పనిచెయ్యమని ఆయనే సలహా ఇచ్చాడట. గుర్రం రక్తం నుంచి తీసిన స్ఫటికాలను అడెయిర్ ఇచ్చాడు. వాటి మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేస్తే ఫోటో ప్లేటు మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల నుంచి అణువు ఆకారం వెలికి తీయాలి. యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన పెరుట్జ్‌ను శత్రుదేశీయుడి లెక్కన 1940లో నిర్బంధించి కెనడాకు పంపారు. తిరిగొచ్చాక మళ్లీ ఆ చుక్కల దగ్గరే కూర్చున్నాడు. 1953లో దారి దొరికింది: అణువులో నిర్ణీత చోట పాదరసం పరమాణువులు అంటించి, చుక్కల గాఢతలో వచ్చే మార్పును కొలవడం. 1959 నాటికి ఆకారం బయటపడింది, మరుసటి ఏడాది ప్రచురితమైంది. మొదలుపెట్టి 22 ఏళ్లు. 1962లో జాన్ కెండ్రూతో కలిసి నోబెల్ వచ్చింది.

నోబెల్‌తో ఆయన ఆగలేదు. నాకు పెరుట్జ్‌లో అన్నిటికన్నా నచ్చే గుణం ఇదే. ఆకారం దొరికింది గానీ ప్రశ్న మరింత ముదిరింది. నాలుగు హీమ్‌లూ పక్కపక్కన లేవు. అతి దగ్గరగా ఉన్న రెండు ఇనుముల మధ్యే 25 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం ఉంది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. ఆ కొలతల లోకంలో 25 అంటే పిలిస్తే పలికే దూరం కాదు. మరి కబురు ఎలా వెళుతోంది? జవాబు 1970లో ఇచ్చాడు.

ఆక్సిజన్ లేనప్పుడు ఇనుము హీమ్ బిళ్ల మధ్యలో సరిగ్గా ఇమడదు, సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్ బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి కూర్చోగానే ఇనుము కాస్త కుంచించుకుని బిళ్ల మధ్యకు జారుతుంది. కదలిక అంతే. కానీ ఇనుమును పట్టుకున్న హిస్టిడిన్ కూడా దాంతోపాటు కదలాలి. హిస్టిడిన్ కదిలితే అది భాగమైన ప్రొటీన్ చుట్ట కదులుతుంది. చుట్ట కదిలితే గొలుసుకూ గొలుసుకూ మధ్య ఉన్న లంకెలు తెగుతాయి. ధన, రుణ విద్యుదావేశాల ఆకర్షణతో ఏర్పడ్డ ఆ లంకెలే అప్పటిదాకా నాలుగు గొలుసుల్నీ బిగించి, ఆక్సిజన్‌ను రానివ్వకుండా ఉంచాయి. అవి తెగేసరికి అణువులో ఒక సగం రెండో సగం మీద దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది. బిగుసుకున్న ఆకారం పోయి సడలిన ఆకారం వస్తుంది, మిగతా గూళ్లు స్వాగతం పలుకుతాయి. మిల్లీమీటరులో కోటో వంతులో సగం కూడా లేని కదలిక, వేల పరమాణువుల కట్టడాన్ని తిప్పేస్తుంది. హౌరోవిట్జ్ స్ఫటికాలు కరిగి కొత్తగా పుట్టింది ఈ తిరుగుడు వల్లే.

బిగుసుకున్న ఆకారమే వదిలే ఆకారం. కాబట్టి ఆక్సిజన్ కావాల్సిన చోట ఆ లంకెల్ని బిగించగలిగితే చాలు. శరీరం సరిగ్గా అదే చేస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కేవారికి మోకాళ్ల పర్వతం దగ్గర పిక్కలు పట్టేస్తాయి. ఆ సమయంలో పిక్క కండరం వేడెక్కి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను, ఆమ్లాన్ని విపరీతంగా పుట్టిస్తుంటుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు హిమోగ్లోబిన్‌కు అంటుకుని ఆ లంకెల్ని బిగిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కూడా నేరుగా గొలుసుల కొసలకు అంటుకుని బిగింపుకు తోడవుతుంది. వేడి కూడా వదిలే వైపే నెడుతుంది. అంటే, ఎక్కువ కష్టపడే కండరం తన కష్టంతోనే ఎక్కువ ఆక్సిజన్‌ను రాబట్టుకుంటుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు, మెదడుకు చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తులకు చేరాక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, లంకెలు సడలతాయి, గూళ్లు మళ్లీ నిండుతాయి. దీన్ని 1904లో గమనించింది డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు. పరమాణు నమూనాతో లోకానికి తెలిసిన నీల్స్ బోర్ తండ్రి ఈయన.

ఇంకో మీట కూడా ఉంది. బిగుసుకున్న ఆకారంలో రెండు బీటా గొలుసుల మధ్య ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఎర్ర కణం చక్కెరను మండించుకునే దారిలో తయారుచేసే బీపీజీ అనే చిన్న ఫాస్ఫేట్ అణువు ఒకటి సరిగ్గా ఆ ఖాళీలో ఇరుక్కుని, బిగువు సడలకుండా చూస్తుంది. రక్తంలో దీని ప్రభావాన్ని 1967లో రూత్ బెనెష్, రైన్‌హోల్డ్ బెనెష్ దంపతులు చూపించారు. ఇది లేకపోతే హిమోగ్లోబిన్ పిసినారిగా మారి, పట్టుకున్నది వదలదు. ఎత్తైన కొండలకు వెళ్లినవారి రక్తంలో ఒకటి రెండు రోజుల్లోనే బీపీజీ పెరుగుతుంది.

గర్భంలోని శిశువు రక్తం కథ వింటే ఈ ఏర్పాటు ఇంకా ముచ్చటగా ఉంటుంది. శిశువుకు గాలి లేదు, తల్లి రక్తంలోంచే ఆక్సిజన్ తీసుకోవాలి. తల్లి హిమోగ్లోబిన్ వదలాలి, బిడ్డది పట్టుకోవాలి. అందుకని బిడ్డ హిమోగ్లోబిన్‌లో బీటాకు బదులు గామా గొలుసులుంటాయి. బీపీజీ పట్టు దొరికించుకునే చోట, 143వ స్థానంలో, హిస్టిడిన్‌కు బదులు సెరీన్ ఉంటుంది. పట్టు తప్పడంతో బీపీజీ అక్కడ సరిగ్గా నిలవదు. బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను తల్లి రక్తం కన్నా గట్టిగా పట్టుకుంటుంది. పుట్టి గాలి పీల్చుకున్నాక కొన్ని నెలల్లో గామా పోయి బీటా వస్తుంది.

ఇంత నేర్పైన అణువును రక్తంలో అలా వదిలేస్తే రెండు ముక్కలై మూత్రపిండాల గుండా జారిపోతుంది, వాటిని పాడుచేస్తుంది కూడా. అందుకే దానికి ఎర్ర కణం అనే ఇల్లు. 7, 8 మైక్రోమీటర్ల వెడల్పు, రెండువైపులా నడుమ నొక్కినట్టున్న బిళ్ల. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. కణం ఎముక మజ్జలో తయారవుతూ తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది, మైటోకాండ్రియాను వదిలించుకుంటుంది. మైటోకాండ్రియా లేదంటే ఆక్సిజన్ వాడుకునే పొయ్యి లేదన్నమాట. తన బతుకు చక్కెరను పులియబెట్టుకుని గడుపుతుంది. పొలానికి అన్నం క్యారియర్ మోసుకెళ్లే మనిషి దారిలో ఒక్క మెతుకైనా ముట్టనట్టు, ఎర్ర కణం తను మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు. కేంద్రకం లేని కణం తనను తాను బాగుచేసుకోలేదు. 120 రోజులు తిరిగి, తన కన్నా సన్నటి కేశనాళికల్లో ముడుచుకుని దూరి, అలసి పోతుంది. మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల కొత్త కణాల్ని పంపుతుంటుంది.

ఈ అణువులో ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందో మన ఏజెన్సీ ప్రాంతాలకు తెలుసు. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలైన్ ఉంటే సికిల్ సెల్ వ్యాధి. అణువు లోపమే వ్యాధికి మూలమని లైనస్ పాలింగ్ బృందం 1949లో చెప్పింది, ఏ అమైనో ఆమ్లమో కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ అణువు ఆక్సిజన్ పట్టుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. వదిలిన మరుక్షణం పక్క అణువులకు అంటుకుని దారాలు కట్టి, కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. వంగిన కణాలు సన్న నాళాల్లో అడ్డుపడతాయి, భరించలేని నొప్పి వస్తుంది. పని చేసిన పాపానికే ఆ రక్తం ప్రాణం మీదికి తెస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఈ లక్షణాన్ని మోసేవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేయిస్తున్నది అందుకే. పెళ్లికి ముందే ఆ పరీక్ష చేయించుకోవడం పెద్ద మేలు.

అణువులో లోపం లేకున్నా, ఎర్ర కణాలు సరిగ్గా పరిపక్వం కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. 1945లో దాని కృత్రిమ తయారీని సాధించిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈనాడు గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే.

ఆ ఇనుము దగ్గరే మనం ఓడిపోతున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. గూడు ఉంది, లంకెలు ఉన్నాయి, మీటలున్నాయి, మధ్యలో కూర్చోవాల్సిన ఇనుమే చాలినంత లేదు. మీ ఇంట్లో ఆడవాళ్ల హిమోగ్లోబిన్ ఎంతో అడిగి తెలుసుకోండి. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాముల కన్నా తక్కువుంటే డాక్టరుకు చూపించండి. ఐరన్ మాత్ర రాసిస్తే టీతో, కాఫీతో వేసుకోవద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. డాక్టరు ఆపమనే దాకా ఆపకండి.